డబ్బాలో ప్రాణవాయువు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం)

మా 1984 బ్యాచ్ వాళ్ళకి కొత్తగా చెప్పేదేమీ లేదు, రాత్రి రెండింటిదాకా చెప్పుకుంటూనే ఉన్నాం.

కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన ‘ఇంజనీరింగ్‌లో అవకాశాలు’ అని అచ్చయింది. ఆ విషయం మీద పిల్లలకి నాకంటే వాళ్ళ ఫోన్లే బాగా చెబుతాయి. నిన్న సాయంత్రం ఒక వస్తువు కంటపడింది. దాంతో విషయం మార్చేశాను. కార్యదర్శిగారు ఒప్పుకున్నారు, పావుగంట దాటొద్దని మాత్రం అన్నారు.

ఆ వస్తువేమిటంటే, మన ప్రథమ చికిత్స బల్ల మీద గ్లూకోజు పొట్లాల పక్కన వరసగా పెట్టిన నాలుగు ఆక్సిజన్ డబ్బాలు. దోమల మందు కొట్టే డబ్బా సైజులో ఉంటాయి, పైన ముక్కుకీ నోటికీ ఆనించుకునే ప్లాస్టిక్ మూత. పెద్దవాళ్ళు చాలామంది వస్తున్నారు, ఎండగా ఉంటుంది, ఎవరికైనా నీరసం వస్తే పనికొస్తాయని మన తమ్ముడొకడు హైదరాబాదు నుంచి సొంత డబ్బుతో కొనుక్కొచ్చాడు. మంచి మనసుతో చేసిన పని. నేనూ ఒకప్పుడు అంత మంచి మనసుతోనూ అలాంటి డబ్బానే కొన్నాను. ఆ సంగతి చెప్పడానికే ఈ పావుగంట.

ముందు మన సైన్సు గదిలోకి వెళదాం. ఎనిమిదో తరగతిలో మాస్టారు గట్టి గాజు గొట్టంలో పొటాషియం పర్మాంగనేట్ వేసి స్పిరిటు దీపం మీద వేడిచేశారు. కొసన నిప్పు మాత్రమే మిగిలిన పుల్లని గొట్టంలోకి దింపితే భగ్గుమని మంట లేచింది. వెనక బెంచీ మీద నిలబడి చూసిన నాకు ఆ మంట ఇంకా కళ్ళముందే ఉంది. ‘‘ఇది తాను మండదు, మండేవాటిని మండిస్తుంది’’ అన్నారు మాస్టారు. పుస్తకంలో ఆక్సిజన్ అని ఉండేది, పెద్దవాళ్ళు ఆమ్లజని అనేవారు, బోర్డు మీద మాత్రం ఆయన ప్రాణవాయువు అని రాశారు. ఇప్పుడు ఆలోచిస్తే డబ్బాలు అమ్మేవాళ్ళకి ఆ ఒక్క పేరు చాలు. ప్రాణం అనే మాట ముందు చేర్చిన వస్తువుని వద్దనేదెవరు?

నా ఉద్యోగం ఆ వాయువుతోనే. గాలిని శుభ్రం చేసి, అణిచి, చల్లబరిచి, నీళ్ళలా ద్రవం చేసి, మళ్ళీ మరిగించి విడదీసే ప్లాంట్లలో పనిచేశాను. నత్రజని మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర. మధ్యనున్న ఆ 13 డిగ్రీల తేడాయే ముప్ఫై ఏళ్ళకు పైగా నాకు అన్నం పెట్టింది. తయారయిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఉక్కు కొలుములకి పోతుంది, కొంత ఆసుపత్రులకి.

2021 ఏప్రిల్ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ నెల 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లని రైలు బండి మీదకి ఎక్కించి మహారాష్ట్ర పంపారు. ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ అన్న పేరు దేశమంతా విన్నది ఆ వారమే. ఆ రోజుల్లో నా ఫోను ఆగేది కాదు. మన బ్యాచ్‌ల వాళ్ళే ఎంతమంది చేశారో! ‘‘అన్నయ్యా, సిలిండరు దొరకడం లేదు, పోనీ డబ్బాలైనా పది తెప్పించగలవా?’’ అని. ఒక్కొక్కరికీ లెక్క చెప్పేవాణ్ణి. డబ్బాలో ఉండేది పది లీటర్ల వాయువు. రోగికి డాక్టరు నిమిషానికి ఐదు లీటర్లు పెట్టమంటే ఒక్కో డబ్బా రెండు నిమిషాలు. పది డబ్బాలు ఇరవై నిమిషాలు. ఆసుపత్రిలో గోడ పక్కన నిలబెట్టే పెద్ద సిలిండరులో ఏడు వేల లీటర్లుంటుంది, దానికి సాటి రావాలంటే ఏడు వందల డబ్బాలు కావాలి. ‘‘డబ్బాల కోసం తిరిగే టైములో మంచం కోసం తిరుగు తమ్ముడూ’’ అని చెప్పేవాణ్ణి. అలా చెప్పినందుకు ఒకరిద్దరు నన్ను తిట్టుకున్నారని తర్వాత తెలిసింది. ఆ బాధలో అది తప్పు కాదు.

అంత లెక్క చెప్పినవాణ్ణి, రెండేళ్ళ తర్వాత నా సొంత అక్కకి ఏం చేశానో వినండి.

మా అక్క ఈ బడి తెరిచిన ఏడాది ఆరో తరగతిలో చేరింది. ఏడు దాటలేదు. అమ్మకి ఒంట్లో బాగోక ఇంటిపని ఆమె మీద పడింది. నన్ను మొదటిసారి ఈ గేటు లోపలికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఆమే. నిన్న రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పిల్లలు ‘‘ఏ బ్యాచ్ అమ్మా?’’ అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నా వంక చూసింది. మనం జాబితాలన్నీ పదో తరగతి ఏడాదిని బట్టి వేశాం. ఆ దారిలో మా అక్కలాంటి వాళ్ళు ఎక్కడా కనబడరు. ఇది విషయాంతరం, కమిటీవారు మన్నించాలి.

2023లో అక్కకి అరవై దగ్గర పడ్డాయి. మేడ మెట్లు ఎక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం, గిన్నెలు తోముతూ మధ్యలో కూర్చుండిపోవడం. వయసు కదా అనుకున్నాం. నేను ఇంటికి వెళ్ళినప్పుడు వేలికి పెట్టే ఆక్సీమీటరుతో చూశాను, 98 చూపించింది. ‘‘ఆక్సిజన్ దివ్యంగా ఉందే’’ అన్నాను. తిరుగు ప్రయాణంలో ఒక మందుల షాపులో డబ్బా కనబడింది. ఆరు వందల రూపాయలు. పైన కొండలు, పరుగెత్తే కుర్రాడు, ‘తక్షణ శక్తి’ అని పెద్ద అక్షరాలు. అడుగున ‘వైద్య అవసరాలకు కాదు’ అని చీమ తలకాయంత అక్షరాలు. కొని పంపించాను. ‘‘ఒరేయ్, ఆఖరికి గాలి కూడా కొన్నావట్రా?’’ అని నవ్వింది ఫోనులో. వారం తర్వాత, ‘‘బాగుందిరా, పీల్చాక తేలిగ్గా ఉంటోంది’’ అంది. నేను మురిసిపోయి ఇంకో రెండు పంపాను.

ఆరోజు వెయ్యని లెక్క ఇప్పుడు వేస్తాను.

డబ్బా మీద పది లీటర్లు అనీ, ఒక్కో సెకను చొప్పున రెండు వందల పీల్పులు అనీ రాసి ఉంది. అంటే పీల్పుకి 50 మిల్లీలీటర్లు. మనం మామూలుగా తీసుకునే ఒక్క ఊపిరి అర లీటరు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కనుక ఆ ఊపిరిలోనే 105 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది, ఉచితంగా. డబ్బా నొక్కితే ఆ ఊపిరిలో అది దాదాపు 140 అవుతుంది. సరే, పెరిగింది. కానీ మనం బయటికి వదిలే గాలిలో ఇంకా 16 శాతం ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. లోపలికి వెళ్ళిన దాంట్లో పావువంతే వాడుకుని ముప్పావు వంతు వెనక్కి పంపుతున్నాం. విస్తట్లో వడ్డించిన దాంట్లో పావు తిని లేస్తున్నవాడికి, పాపం ఆకలేస్తోందేమోనని ఇంకో గరిటె వేసినట్టు.

ఇక రక్తం సంగతి. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ని మోసుకెళ్ళేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అది మామూలు గాలికే 97, 98 శాతం నిండిపోతుంది. నిండిన కుండలో ఎంత పోస్తే మాత్రం ఏం లాభం? రక్తపు నీటిభాగంలో కొద్దిగా కరుగుతుంది, నిజమే. ముఖానికి బిగుతుగా మాస్కు కట్టి నూరు శాతం ఆక్సిజన్ ఆపకుండా ఇస్తే, 100 మిల్లీలీటర్ల రక్తంలో కరిగేది 0.3 నుంచి సుమారు 2 మిల్లీలీటర్లకి పెరుగుతుంది. హిమోగ్లోబిన్ అప్పటికే మోస్తున్నది 20. అదీ నికరంగా మాస్కు పెట్టుకుని కూర్చుంటే. డబ్బా నొక్కి వదిలేస్తే నాలుగు ఊపిర్లు తీసేసరికి ఊపిరితిత్తులు మళ్ళీ మామూలు గాలితో నిండిపోతాయి. శరీరంలో ఆక్సిజన్‌ని దాచిపెట్టుకునే అటక లేదు. ఉదయం పీల్చి సాయంత్రం వాడుకోవడం కుదరదు.

దీన్ని మనుషుల మీద పరీక్షించి చూశారు కూడా. 1989లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో ఒక అధ్యయనం వచ్చింది. పన్నెండుమంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళని అలిసిపోయేదాకా పరుగెత్తించారు. మధ్యలో విశ్రాంతి ఇచ్చి, ఒకసారి మామూలు గాలి, ఒకసారి శుద్ధ ఆక్సిజన్ పీల్పించి, మళ్ళీ పరుగెత్తించారు. రెండో పరుగులో తేడా లేదు. పైగా తాము పీల్చింది ఏదో కూడా ఆటగాళ్ళు చెప్పలేకపోయారు. పరుగెత్తుతున్నంతసేపూ మాస్కులోంచి ఎక్కువ ఆక్సిజన్ అందిస్తే కొంత ఉపయోగం ఉంటుంది, అది వేరే సంగతి. డబ్బా ఆ పని చెయ్యలేదు.

ధర లెక్క కూడా చెప్పకపోతే ఇంజనీరు అనిపించుకోను. 2020 సెప్టెంబరులో జాతీయ ఔషధ ధరల సంస్థ సిలిండర్లలో నింపిన మెడికల్ ఆక్సిజన్‌కి ఫ్యాక్టరీ దగ్గర గరిష్ఠ ధర పెట్టింది. ఘనపు మీటరుకి 25 రూపాయల 71 పైసలు, పన్ను కాకుండా. ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు. పది లీటర్లకి ఎంత? పావలా. మనం గేటు దగ్గర జీళ్ళు కొనుక్కున్న పావలా. మిగతా ఐదు వందల తొంభై తొమ్మిది రూపాయల ముప్పావలా డబ్బాకీ, మూతకీ, దాని మీద పరుగెత్తే కుర్రాడికీ. ఎవరి వ్యాపారం వాళ్ళది, కాదనను. కొనేవాడికి మాత్రం తెలిసి ఉండాలి.

మరి అక్కకి తేలిగ్గా అనిపించింది అబద్ధమా? కాదు. ఆక్సిజన్‌ని కనిపెట్టినవాళ్ళలో ఒకడైన జోసెఫ్ ప్రీస్ట్‌లీకి కూడా అలాగే అనిపించింది. 1774లో దాన్ని తయారుచేసి, ముందు ఎలుకని ఉంచి చూసి, తర్వాత తాను పీల్చి, గుండె తేలికైనట్టుందని రాసుకున్నాడు. ముందు ముందు ఇది షోకు వస్తువు అవుతుందేమోనని కూడా ఊహించాడు. రెండు వందల యాభై ఏళ్ళ ముందే మన డబ్బా ఆయన కంటికి కనబడిందన్నమాట! అక్క విషయంలో జరిగింది నాకు తర్వాత అర్థమైంది. డబ్బా పట్టుకోవాలంటే ముందు పని ఆపి కూర్చోవాలి. కూర్చుని పది నిండు ఊపిర్లు, నెమ్మదిగా. చల్లటి గాలి ముఖానికి తగులుతుంది. పైగా తమ్ముడు పంపినది. ఎవరికైనా తేలిగ్గానే ఉంటుంది.

ఆ తేలికే మాకు మూడు నెలలు తినేసింది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. తెల్లవారుజామున లేచి చూస్తే, అక్క పూజ మందిరం ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. తలకి కొబ్బరినూనె. ఎదురుగా వెలుగుతున్న దీపం, అగరుబత్తులు. చేతిలో డబ్బా, ముఖానికి ఆనించుకుని నొక్కుతోంది. నా గుండె ఆగినంత పనయింది. ఆక్సిజన్ ప్లాంటులో మాకు మొదటి రోజు నేర్పేది నూనె మరక ఉన్న చేత్తో వాల్వు ముట్టుకోకూడదని. నేను కొత్తగా చేరినప్పుడు ఒక కుర్రాడు ఉక్కపోత భరించలేక ఆక్సిజన్ గొట్టం చొక్కా లోపల పెట్టుకున్నాడు. మా ఫోర్‌మన్ పరుగున వచ్చి గొట్టం లాగేసి, వాణ్ణి ఆరుబయట చాలాసేపు నిలబెట్టాడు, బట్టల్లో పట్టిన ఆక్సిజన్ పోయేదాకా. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. పాత నూలు గుడ్డ పీలికని ఆక్సిజన్ నింపిన డబ్బాలో ఉంచి, దూరం నుంచి నిప్పు తగిలించి చూపించాడు. గుడ్డ కాలడం మాకు కనబడలేదు. ఒక్క మెరుపు, అంతే. మాస్టారి పుల్ల గుర్తొచ్చింది. 1967 జనవరి 27న అపోలో 1 నౌకలో నేల మీద పరీక్ష జరుగుతుండగా ముగ్గురు వ్యోమగాములు చనిపోయింది కూడా, క్యాబిన్‌ని శుద్ధ ఆక్సిజన్‌తో నింపడం వల్ల చిన్న నిప్పు క్షణాల్లో పెనుమంట కావడంతోనే.

డబ్బా లాక్కున్నాను. గట్టిగా అరిచాను కూడా. అక్క బిత్తరపోయి, ‘‘ఏమైందిరా, నువ్వు పంపిందేగా’’ అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అప్పుడే దీపం వెలుగులో ఆమె ముఖం సరిగ్గా చూశాను. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కింది కనురెప్ప లాగి చూసి, రక్తం పరీక్షకి పంపించారు. హిమోగ్లోబిన్ 6. ఆడవాళ్ళకి 12 ఉండాలి. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళలు ఏడాదిగా రోజూ వేసుకుంటోందట. కడుపులో పుండుపడి, కొద్దికొద్దిగా రక్తం పోతోంది. మలం నల్లగా వస్తోందని ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి ఏం చెబుతుంది పాపం.

నేను డాక్టరుగారిని అడిగాను, మరి ఆక్సీమీటరు 98 చూపించిందే అని. ఆయన చెప్పినదాన్ని మన భాషలో చెబుతాను. మన ఊరి నుంచి టౌనుకి రోజూ పది బస్సులు వెళ్ళేవనుకోండి, అన్నీ నిండుగా. ఐదు బస్సులు రద్దుచేశారు. మిగిలిన ఐదూ నిండుగానే వెళతాయి. ఆక్సీమీటరు చూసేది బస్సులో సీట్లు నిండాయా లేదా అని. బస్సులెన్ని ఉన్నాయో అది లెక్కపెట్టదు. హిమోగ్లోబిన్ 12 ఉంటే 100 మిల్లీలీటర్ల రక్తం 16 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది, 6 ఉంటే 8. సగం ఆక్సిజన్‌తో ఆమె మేడ ఎక్కుతోంది, నీళ్ళు మోస్తోంది, నాకు పిండివంటలు చేసి పంపుతోంది. నేను స్టాండులో ప్రయాణికులని పెంచుతున్నాను. కావలసినవి బస్సులు.

రక్తం ఎక్కించారు, గొట్టం వేసి పుండు చూశారు, మందులిచ్చారు, ఐరన్ వాడారు. నాలుగు నెలల్లో 11 దాటింది. ఇవాళ ఇక్కడే మూడో వరుసలో కూర్చుని ఉంది, నేను ఇదంతా చెప్పేస్తానని తెలియక. క్షమించక్కా.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఈ షామియానా కింద ఎంతమంది ఉన్నారో మీరే చూసుకోండి. నీరసానికి రక్తహీనత ఒక్కటే కారణం కాదు. థైరాయిడ్, చక్కెర, నిద్ర, గుండె... డాక్టర్లయిన మన పూర్వ విద్యార్థులు ఇక్కడే ఉన్నారు, నాకంటే బాగా చెబుతారు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుండి, కూర్చుంటే తగ్గేవాళ్ళు మాత్రం దయచేసి డబ్బా పట్టుకుని కూర్చోకండి. కూర్చున్నందుకు తగ్గిన నొప్పిని డబ్బా తన ఖాతాలో వేసుకుంటుంది.

ఇక ప్రమాదమా అని అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్నవాడు నాలుగు పీల్పులు పీలిస్తే ఏమీ కాదు. ఆక్సిజన్ విషమయ్యేది ఎక్కువ మోతాదులో గంటల తరబడి పీల్చినప్పుడు, డబ్బాలో అంత సరుకే లేదు. ప్రమాదమంతా పక్కనున్న వాటితో. పొయ్యి, దీపం, బీడీ, అగరుబత్తి దగ్గర వద్దు. పెదాలకి వాసెలిన్, ముక్కుకి జిడ్డు మందులు రాసుకుని వద్దు. ఎండలో పెట్టిన కారులో వదిలెయ్యొద్దు, అది ఒత్తిడితో నింపిన డబ్బా. విమానంలోకి తీసుకెళ్ళనివ్వరు, బ్యాగులో పెట్టినా సరే.

ఏళ్ళ తరబడి కట్టెపొయ్యి ఊదినవాళ్ళకి, బీడీలు తాగినవాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరితే, ఆక్సిజన్ ఎక్కువైనా ఇబ్బందే. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతుంది. అలాంటివాళ్ళకి డాక్టర్లు 88 నుంచి 92 మధ్య ఉండేలా కొలిచి ఇస్తారు. డబ్బాలో సరుకు తక్కువ కాబట్టి అంతదాకా రాకపోవచ్చు. కానీ డబ్బా అలవాటైనవాడు రేపు అద్దెకి సిలిండరు తెచ్చి సొంతంగా తిప్పుకుంటాడు, నా భయం అది. మెడికల్ ఆక్సిజన్ మన దేశంలో చట్టం ప్రకారం మందు. మోతాదు రాయవలసింది డాక్టరు.

యాత్రల మాట చెప్పకపోతే వదలరని తెలుసు. రాత్రే ముగ్గురు అడిగారు. తిరుమల మెట్లదారికి అక్కర్లేదు. అలిపిరి నుంచి మూడు వేల అయిదు వందల యాభై మెట్లు ఎక్కినా, ఆ ఎత్తులో ఆక్సిజన్ చెప్పుకోదగ్గంత తగ్గదు. అక్కడొచ్చే ఆయాసం కాళ్ళదీ గుండెదీ. కేదార్‌నాథ్ వేరు. దాదాపు 3,580 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. రక్తంలో ఆక్సిజన్ నిజంగానే తగ్గుతుంది, డబ్బా పీలిస్తే ఆక్సీమీటరులో అంకె నిజంగానే పెరుగుతుంది. రెండు నిమిషాలు. తర్వాత మళ్ళీ మొదటికే. ఆ రెండు నిమిషాల ధైర్యంతో పైకి నడిచేవాళ్ళని తలుచుకుంటే నాకు భయం. తలనొప్పి, వాంతి ఉంటే అక్కడే ఆగాలి, తగ్గేదాకా పైకి వెళ్ళకూడదు. తూలుడు, మాట తడబాటు, కూర్చున్నా తగ్గని ఆయాసం, దగ్గు ఉంటే వెంటనే కిందికి దిగాలి, రాత్రయినా సరే. దారిలో వైద్య శిబిరాల్లో ఉండే పెద్ద సిలిండరు వేరు, మన చేతి సంచిలోని డబ్బా వేరు. తీసుకెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళండి, దిగడానికి బదులుగా మాత్రం కాదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట.

డబ్బాలు తెచ్చిన తమ్ముడితో రాత్రి ఈ లెక్కలన్నీ చెప్పాను. కోపగించుకుంటాడనుకున్నాను. కాసేపు మాట్లాడకుండా ఉండి, ‘‘మా అమ్మకి కూడా నెలకి రెండు పంపుతున్నానన్నా’’ అన్నాడు. పొద్దున్నే టౌనులోని ల్యాబుకి ఫోను చేశాడు. వాళ్ళ మనుషులిద్దరు పదకొండింటికి వస్తున్నారు. సైన్సు గది పక్కన, ఆరో తరగతి గదిలో కూర్చుంటారు. వేలి చివర సూదితో గుచ్చి హిమోగ్లోబిన్ చూస్తారు, ఖర్చు వాడిదే. భోజనాల ముందే వెళ్ళండి, అన్నం తిన్నాక ఎవరూ లేవరని నాకు తెలుసు. మగవాళ్ళు కూడా వెళ్ళాలి. వరుసలో మొదట వాళ్ళమ్మ, తర్వాత మా అక్క. పేరు రాసే కాగితంలో బ్యాచ్ అనే గడి తీసేయించాం.